కార్డుకి చిల్లు పడరాదు

గురి చూసి కొట్టడం వల్ల మా సంఘం నష్టపోతోందని మొట్టమొదట కనిపెట్టినవారు మా అధ్యక్షులు నరహరిరావుగారు. అంతకుముందు ఏళ్ళ తరబడి మేమంతా గురి చూసి కొట్టడానికే సంఘం పెట్టుకున్నామని అనుకుంటూ వచ్చాం. మాలో చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. అయినా ఒక్కరికీ తట్టలేదు.

మాది జిల్లా గురి క్రీడా సంఘం. పేరు గంభీరంగానే ఉంటుంది గానీ, సంఘం ఉండేది ఒకప్పుడు గోనెసంచులు దాచిన గోడౌన్‌లో. ఒక చివర మేం తుపాకి పట్టుకుని నిలబడతాం. రెండో చివర తీగకి అట్టకార్డు వేలాడుతూ ఉంటుంది. దాని మీద గుండ్రాలు, మధ్యలో చుక్క. చుక్కకి తగిలితే పది. కార్డు వెనక ఇనప పెట్టె, దాని చుట్టూ గోడంతా పాత దూదిపరుపులు. కార్డుకి తగిలిన పెల్లెట్ వెళ్ళి ఇనప పెట్టెలో టంగుమంటుంది. తగలనిది పరుపులో దూరి ఊరుకుంటుంది. పెల్లెట్ అంటే మినపగింజంత సీసపు గుండు. తుపాకులు గాలితో పేలేవి కాబట్టి పోలీసులు కూడా మమ్మల్ని పెద్దగా పట్టించుకోరు.

నేను ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను. పేరు పేర్రాజు. నాకు బీపీ ఉంది. ఊపిరి నిదానించి మనసు ఒకచోట నిలిపే సరదా ఏదైనా పెట్టుకోమన్నాడు డాక్టరు. ధ్యానానికి కూర్చుంటే నిద్రొచ్చింది. తుపాకి పట్టుకుంటే రాలేదు. అందుకని సంఘంలో చేరాను. చేరిన రోజు నుంచీ నా తుపాకికి టంగుమన్న చప్పుడు రాలేదు. బస్సు ఇప్పుడొస్తుందని జీవితమంతా మైకులో చెప్పిన మనిషిని, గురి తప్పడం నాకేమీ కొత్త కాదు.

నరహరిరావుగారు ఆడిట్ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి దిగారు. పెల్లెట్ల ధర పెరిగిన రోజుల్లోనే ఆయన ఫోనుకి ఎవరో ఒక ప్రసంగం పంపారు. సరదా మానకుండా ఖర్చు మాత్రమే మానడం ఎలా అన్నది అందులో విషయం. ఆయన దాన్ని కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారు. మర్నాడే సర్వసభ్య సమావేశం పెట్టారు.

సమావేశంలో ఆయన ఒక కార్డు తీసి ట్యూబ్‌లైటుకి అడ్డంగా పట్టారు. చుక్క ఉండాల్సిన చోట చిన్న వెలుగు కనిపించింది.

"ఇది ఏమి?" అన్నారు.

"పది కొట్టానండి," అంది రూతమ్మ. ఆ కార్డు ఆవిడదే.

"పది అనునది మీ అభిప్రాయము. ఆడిట్ దృష్టిలో ఇది చిల్లు. సంఘ ఆస్తికి సభ్యురాలు బుద్ధిపూర్వకముగా కలిగించిన చిల్లు."

తర్వాత ఆయన ఇంకో కార్డు తీశారు. దాన్నీ లైటుకి పట్టారు. ఎక్కడా వెలుగు రాలేదు. అది నాది. నేను కుర్చీలో కిందికి జారాను.

"ఇది పేర్రాజుగారికి గత వర్షాకాలములో జారీ చేయబడిన కార్డు. అంచులు సైతము నలగలేదు."

అందరూ నవ్వారు.

"నవ్వవలసిన విషయము కాదు. ఈయన పెల్లెట్లు పరుపులో చెక్కుచెదరకుండా లభ్యమగుచున్నవి. తీసి, తుడిచి, తిరిగి వాడుకొనవచ్చును. రూతమ్మగారి పెల్లెట్లు ఇనప పెట్టెలో అప్పడములవలె పడియున్నవి. సంఘమును ఎవరు నిలబెట్టుచున్నారో, ఎవరు తినివేయుచున్నారో సభ్యులే ఆలోచింపవలెను."

సభ్యులు ఆలోచించారు. మా కార్యదర్శి తాతాజీకి టెంట్‌హౌస్ ఉంది. సూటిగా అడగడం అతని అలవాటు.

"అంటే ఏవంటారండి? కొట్టద్దంటారా?"

"కొట్టవచ్చును," అన్నారు నరహరిరావుగారు. "తగలరాదు."

ఆ విధంగా పొదుపు పాయింట్లు వచ్చాయి. కార్డుకి తగలకపోతే పాయింట్లు కలుస్తాయి. తగిలితే పోతాయి. చుక్కకే తగిలితే మరీ ఎక్కువ పోతాయి, ఎందుకంటే చుక్క కార్డులో కీలక భాగం. పట్టిక గోడకి వేలాడదీశారు. మొదటి వారంలోనే నా పేరు పైకెక్కింది. స్కూల్లో కూడా నా పేరు ఏ పట్టికలోనూ పైన లేదు. దాని ముందు నిలబడి నేను కళ్ళజోడు పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చదువుకున్నాను.

మిగతావాళ్ళకి మొదట్లో కష్టమైంది. ఏళ్ళ తరబడి అలవాటుపడ్డ చెయ్యి, వద్దన్నా చుక్క మీదకే పోతుంది. ప్లీడరు సుందరశివరావుగారికి ఒకరోజు పొరపాటున తొమ్మిది తగిలింది. తుమ్ము వచ్చినందున తగిలినదనీ, ఇకపై జలుబు చేసినప్పుడు రాననీ సంజాయిషీ రాసిచ్చారు. ఆ తర్వాత ఆయన నా వెనకే కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలెట్టారు. నేను దగ్గితే దగ్గేవారు. నేను కాలు మారిస్తే మార్చేవారు.

"గురువుగారూ, ఆ ట్రిగ్గర్ లాగేటప్పుడు మీరు లోపల ఏం చేస్తారండి?" అని అడిగారు ఒకరోజు.

"ఏం చెయ్యనండి. తగలాలనే కొడతాను."

"ఎంత వినయమండీ," అన్నారాయన తాతాజీతో. తాతాజీ కూడా తలూపాడు.

దసరా వచ్చేసరికి గోడౌన్‌లో టంగుమన్న చప్పుడే అరుదైపోయింది. పరుపులు మాత్రం బాగా బరువెక్కాయి. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా అందరూ తల తిప్పి ఒకేవైపు చూసేవారు. అక్కడ రూతమ్మ ఉండేది.

రూతమ్మ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. డ్యూటీ దిగి యూనిఫాం మీదే వచ్చేది. సొంతంగా తుపాకి కొనుక్కునే స్తోమత లేక సంఘం తుపాకి మీదే ఆధారపడింది. ఏటా రాష్ట్ర పోటీకి మా జిల్లా నుంచి ఒక్కరికే అవకాశం. అక్కడ బాగా కొడితే రాష్ట్ర జట్టులోకి తీసుకుంటారు. ప్రతి ఏడూ సరిగ్గా ఆ రోజుల్లోనే ఆవిడకి డ్యూటీ పడేది. ఈసారి సూపరింటెండెంటుతో పోట్లాడి ముందే సెలవు పెట్టించుకుంది. జట్టులోకి తీసుకునే వయసు ఈ ఏటితో దాటిపోతుంది. ఈ సంగతి సంఘంలో అందరికీ తెలుసు. తెలిసి అందరం పరుపుల్లోకి కొడుతున్నాం.

ఆవిడ రాజీ మార్గం కూడా ఒకటి ఆలోచించింది. ఒకరోజు పది కొట్టి, ఆ తర్వాత ప్రతి పెల్లెట్నీ అదే చిల్లులోంచి పంపించింది. కార్డు తీసుకెళ్ళి నరహరిరావుగారి బల్ల మీద పెట్టింది.

"చూడండి, ఒకటే చిల్లండి. కొత్త నష్టం ఏమీ లేదు కదండీ?"

ఆయన సొరుగులోంచి వృత్తలేఖిని తీసి చిల్లుని కొలిచారు. భూతద్దం పెట్టి మళ్ళీ కొలిచారు.

"చిల్లు విస్తరించుచున్నది," అన్నారు.

"అది అచ్చంగా దాంట్లోంచే వెళ్తే ఎందుకు విస్తరిస్తుందండి?"

"అది మీరు చిల్లును అడుగవలెను. నా ముందున్నది కొలత. ఈ వేగమున పోయినచో కొంతకాలమునకు కార్డు పోయి చిల్లు మాత్రమే మిగులును."

"మరి ఎలా కొట్టమంటారో మీరే చెప్పండి."

"పేర్రాజుగారిని చూసి నేర్చుకొనుడు."

రూతమ్మ నావైపు తిరిగింది. నేను పైకి చూసి దూలాలు లెక్కపెట్టాను. దూలం ఒకటే ఉంది.

ఆ వారమే ఆవిడని లోటు సభ్యురాలిగా ప్రకటించారు. లోటు సభ్యులకి కార్డు జారీ చేయబడదు, పెల్లెట్ జారీ చేయబడదు. తుపాకి మాత్రం పట్టుకోవచ్చు. రూతమ్మ రోజూ వచ్చి ఖాళీ తుపాకి పట్టుకుని ఖాళీ గోడకి గురిపెట్టి నిలబడేది. ట్రిగ్గర్ లాగేది. ఏమీ పేలేది కాదు. నరహరిరావుగారు అటువైపు వెళ్ళినప్పుడు ఇదే ఉత్తమ పద్ధతి అన్నట్టు తలాడించేవారు. ఆదివారాలు ఆవిడ ఎగ్జిబిషన్ గ్రౌండుకి పోయి బెలూన్లు కొట్టే కొట్టు దగ్గర సొంత డబ్బుతో సాధన చేసుకునేది. కొన్నాళ్ళకి అక్కడా చుక్కెదురైంది.

"అమ్మగారూ, మీరు ఇటు రాకండమ్మా," అన్నాడట ఆ కొట్టువాడు. "మీరు కొట్టిన ప్రతి బెలూనూ మళ్ళీ నేనే ఊదుకోవాలండి. పైగా బహుమతి సబ్బులు కూడా ఇచ్చుకోవాలి."

అతనికి వచ్చిన నష్టం మాత్రం నిజమైనదే.

ఈలోగా పట్టికలో ఒక చిక్కు వచ్చింది. కార్డుకి తగలకుండా కొట్టడం అందరికీ వచ్చేసింది. పాయింట్లన్నీ సమానమయ్యాయి. ఎవరు ఎక్కువ పొదుపరో తేల్చడానికి ఉపసంఘం వేశారు. అసలు కొట్టనివాడు కొట్టినవాడికంటే పొదుపరి అని ఉపసంఘం తేల్చింది. దాంతో సభ్యులు వచ్చి, తుపాకి ముట్టుకోకుండా కూర్చుని, కబుర్లు చెప్పుకుని వెళ్ళసాగారు. ఫ్యానుకింద కూర్చున్నవాడికంటే రానివాడు పొదుపరి అని తర్వాత తేలింది. చాలామంది రావడం మానేశారు. బీపీ కోసం డాక్టరు చెప్పాడు కాబట్టి నేను మానలేదు. అయినా నా పాత పాయింట్ల బలం నన్ను కాపాడింది. ఒక్కరు మాత్రం నన్ను దాటిపోయారు. ఆయన కీర్తిశేషులు పసుమర్తి సోమలింగంగారు. పోయి రెండేళ్ళు దాటినా పేరు కొట్టెయ్యడం ఎవరికీ గుర్తులేదు.

రాష్ట్ర పోటీకి మనిషిని ఎంపిక చెయ్యడానికి కార్యవర్గం కూర్చుంది. నరహరిరావుగారు పట్టిక చూసి సోమలింగంగారి పేరు చదివారు.

"ఆయన పోయారు కదండీ," అన్నాడు తాతాజీ.

"పోవుట వలన ఆయన పొదుపులో ఒక్క పాయింటైనను తగ్గినట్టు పట్టికలో లేదు. పైగా ప్రయాణ భత్యము లేదు. భోజన భత్యము లేదు. ఇంతటి అభ్యర్థి మనకు మరల దొరకడు."

"దొరకడండి. కానీ అక్కడ మనిషి ఎదురుగా నిలబడి ఆధార్ కార్డు చూపించాలంటండి."

నరహరిరావుగారు ఆ పేరుని మరోసారి చదువుకున్నారు. నిబంధనలు ప్రతిభకి అడ్డుపడుతున్నాయని బాధపడ్డారు. ఆ తర్వాత రెండో పేరు చదివారు. అది నాది. ప్లీడరుగారు నాకు దండ వేశారు.

మర్నాడు బీపీ చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాను. ఓపీలో రూతమ్మే ఉంది. నా చేతికి పట్టీ చుట్టి, మామూలు కంటే గట్టిగా బిగించింది.

"వెళ్ళనని చెప్పెయ్యొచ్చు కదా బాబాయిగారూ."

"నేను వెళ్ళకపోతే ప్లీడరుగారు వెళ్తారమ్మా. ఆయన తర్వాత తాతాజీ. నీ పేరు అట్టడుగున ఉంది."

"అది సరేనండి. మీకు వెళ్ళాలని ఉందా, లేదా?"

ఉంది. ఉందనే చెప్పాను. నన్ను జీవితంలో ఎవరూ దేనికీ ఎంపిక చెయ్యలేదు. మా ఆవిడ ఆ దండని ఫ్రిజ్‌లో పెట్టింది. పక్కింటివాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు.

రూతమ్మ గాలి వదిలి, అంకె రాసుకుంది.

"నాకు ఏడుపొస్తోందండి," అంది తల ఎత్తకుండా. "వార్డులో సెలైన్ స్టాండు పట్టుకున్నా గురి చూస్తున్నాను. ఇంజక్షన్ పట్టుకున్నా గురి చూస్తున్నాను. పేషెంట్లు భయపడుతున్నారు. ఈ ఒక్కసారి వదిలేస్తే ఇంక లేదండి నాకు."

నాకు సిగ్గేసింది. అంత సిగ్గు, నా కార్డు లైటుకి పట్టిన రోజు కూడా వెయ్యలేదు. ఇంటికెళ్ళి ఫ్రిజ్ తీసి దండ చూశాను. వాడిపోతోంది.

రాష్ట్ర సంఘం వాళ్ళు పంపిన నియమాల్లో ఒకటుంది. ఎంపికైన మనిషికి ఒంట్లో బాగా లేకపోతే నిలబడడానికి ప్రత్యామ్నాయంగా ఇంకొకరిని వెంట తీసుకురావాలి. తీసుకురాకపోతే ఎంట్రీ చెల్లదు. ప్లీడరుగారు ఏసీ బస్సు అడిగారు. తాతాజీ బస్సుతోపాటు మాంసాహారం కూడా అడిగాడు. నరహరిరావుగారు తల పట్టుకుని కూర్చున్న సమయం చూసి నేను మెల్లగా కదిపాను.

"రూతమ్మ సొంత ఖర్చుతో వస్తానంటోందండి. భోజనం కూడా తెచ్చుకుంటుందిట."

ఆయన కళ్ళు చెమర్చాయి.

"లోటు సభ్యురాలిలో ఇంతటి పరివర్తన నేను ఊహింపలేదు," అని అక్కడికక్కడే సంతకం పెట్టారు.

పోటీకి ముందురోజు నరహరిరావుగారు, రూతమ్మ, నేను ముగ్గురం పోటీ జరిగే ఊరు చేరాం. మెస్సులో భోజనానికి కూర్చున్నాం. డబ్బు ఎలాగూ కట్టాం కాబట్టి ఎంత తింటే అంత లాభమని నరహరిరావుగారు ఉత్సాహపరిచారు. నేను ఆవకాయ వేసుకున్నాను. మళ్ళీ వేసుకున్నాను. అప్పడాలు, ఊరమిరపకాయలు, మళ్ళీ ఆవకాయ. మామూలుగా నేను ఉప్పు వంక చూస్తేనే తిట్టే రూతమ్మ, ఆ పూట క్యారేజీ మూత తీసి కిటికీలోంచి వీధి చూస్తూ కూర్చుంది. ఆవకాయ ఎందుకు అన్నిసార్లు వేసుకున్నావని నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడిని.

పొద్దున్న నా పేరు పిలిచారు. నిలబడ్డాను. మొహం ఎర్రగా కందిపోయి ఉందిట. రూతమ్మ సంచిలోంచి బీపీ మిషన్ తీసి నా చేతికి చుట్టింది. అంకె చూసి అక్కడున్న రేంజ్ అధికారికి చూపించింది. ఆయన డాక్టర్ని పిలిచాడు. డాక్టరు మళ్ళీ చూశాడు.

"ఈయనకి తుపాకి కాదు కదా, గరిటె కూడా ఇవ్వకండి," అన్నాడు. "ముందు మాత్ర వేసి పడుకోబెట్టండి."

నరహరిరావుగారు లేచారు. "పేర్రాజుగారు నిలబడి తీరవలెను. ఆయన సంఘము యొక్క నమ్మకము."

"నిలబడితే పడిపోతారండి," అన్నాడు అధికారి. "ప్రత్యామ్నాయం ఉంటే నిలబెట్టండి. లేదంటే మీ ఎంట్రీ రద్దు."

"రద్దయినచో మేము చెల్లించిన ప్రవేశ రుసుము?"

"తిరిగి ఇవ్వబడదు."

నరహరిరావుగారి మొహంలో రంగులు మారాయి. ఒకవైపు రుసుము, ఒకవైపు చిల్లులు. ఇంతటి ధర్మసంకటం ఆయనకి సర్వీసులో కూడా వచ్చి ఉండదు.

"కార్డులు ఎవరివి?" అని అడిగారు చివరికి.

"మావేనండి."

"వాటికి చిల్లులు పడినచో మా సంఘము బాధ్యత వహింపదని రాసి ఇవ్వగలరా?"

అధికారి ఆయన్ని తేరిపార చూశాడు. "చిల్లులు పడకపోతేనే మాకు ఇబ్బందండి," అన్నాడు.

"అటులైన కానిండు."

నన్ను వెనక బెంచీ మీద పడుకోబెట్టారు. అక్కణ్ణించి రూతమ్మ వీపు మాత్రమే కనిపించేది. చప్పుడు మాత్రం బాగా వినిపించింది. టంగ్. కాసేపు ఆగి, టంగ్. మళ్ళీ టంగ్. ఎన్నాళ్ళయిందో ఆ చప్పుడు అంత తీరిగ్గా విని. నేను కళ్ళు మూసుకున్నాను. మాత్ర వల్లో మరి దేనివల్లో తెలీదు, గుండె నెమ్మదించింది.

రాష్ట్ర జట్టులో రూతమ్మ పేరు చదివారు. ఆవిడ చప్పట్లు విని నవ్వలేదు. తుపాకి జాగ్రత్తగా స్టాండు మీద పెట్టి, అక్కడే నేల మీద చతికిలబడి, ఒంటి మీద కొంగులాంటిది లేదు కాబట్టి మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ ఏడ్చింది. నాక్కూడా ఏడుపొచ్చింది. డాక్టరు నన్ను మళ్ళీ పడుకోమన్నాడు.

విలేకరులు వచ్చేసరికి నరహరిరావుగారు చివరి కార్డు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"ఐదు పెల్లెట్లు, ఒకే చిల్లు," అన్నారు కెమెరావైపు చూపిస్తూ. "అనగా నాలుగు చిల్లుల ఆదా. ఇది మా సంఘము అమలు చేసిన పొదుపు శిక్షణ యొక్క ప్రత్యక్ష ఫలితము."

ఆ కార్డుని నిర్వాహకులు రూతమ్మకి జ్ఞాపకంగా ఇచ్చారు. బస్సులో ఆయన దాన్ని ఒకసారి చూసిస్తానని తీసుకున్నారు. తిరిగి ఇవ్వలేదు.

మరుసటి వారం గోడౌన్‌కి వెళ్ళేసరికి నా వరసలో తీగకి కార్డు వేలాడుతోంది. వెనకవైపు తిప్పి పెట్టారు. తాతాజీ టెంట్‌హౌస్ గిన్నెల మూతలు పెట్టి దాని మీద పెన్సిల్‌తో గుండ్రాలు గీశారు. మధ్యలో చిల్లు ముందే ఉంది కాబట్టి చుక్క పెట్టే ఇంకు కూడా మిగిలింది. నేను తుపాకి తీసుకుంటుంటే రూతమ్మ వచ్చింది. ఒక్క చూపులో గుర్తుపట్టింది.

"అది నా కార్డండి," అంది.

"సంఘ సభ్యురాలికి లభించినది సంఘమునకు లభించినట్టే," అన్నారు నరహరిరావుగారు. "వెనుకవైపు వాడకుండా ఉన్నది. పేర్రాజుగారి చేతిలో అది పదికాలాలు భద్రముగా ఉండును."

రూతమ్మ మొహం జేవురించింది. నా తుపాకి లాక్కుని దాని మడమతో ఆయన బుర్ర మీద ఒకటి వేస్తుందనుకున్నాను. వేస్తే నేను ఆపేవాణ్ణి కాదు. కానీ ఆవిడ నా పక్కకి వచ్చి, నా మోచేతిని కిందికి నొక్కి పక్కటెముకలకి ఆనించింది.

"కాళ్ళు దూరంగా పెట్టండి బాబాయిగారూ. ఊపిరి వదిలెయ్యండి. చిల్లు కనిపిస్తోందా?"

"కనిపిస్తోందమ్మా."

"దాంట్లోంచి కొట్టండి."

కొట్టాను.

టంగ్‌మంది.

గోడౌన్‌లో ఉన్న కొద్దిమందీ తల తిప్పి రూతమ్మవైపు చూశారు. ఆవిడ చేతుల్లో తుపాకి లేదు. అప్పుడు నావైపు చూశారు. నరహరిరావుగారు తీగ లాగి కార్డు తెప్పించుకున్నారు. ట్యూబ్‌లైటుకి పట్టారు. వెలుగు ఒక్కచోటే వచ్చింది. వృత్తలేఖిని తీసి చిల్లుని కొలిచారు. భూతద్దం పెట్టి కొలిచారు. ఆయన ముందే కొలిచి రాసుకున్న పాత కొలతకీ కొత్త కొలతకీ వెంట్రుకంత తేడా కూడా రాలేదు.

"తగలలేదు," అని ప్రకటించారు. "పేర్రాజుగారికి పూర్తి పాయింట్లు."

రూతమ్మ గోడవైపు తిరిగి నిలబడింది. భుజాలు ఊగిపోతున్నాయి. ఈసారి మాత్రం ఏడుపు కాదు.

నా జీవితంలో నేను కొట్టిన ఒకే ఒక్క పది అది. సాయంత్రం తాతాజీ పట్టిక సరిచేశాడు. ఇప్పుడు నేనూ సోమలింగంగారూ సమానం.